సేకరించినవారు: బి. ఆండ్రూ, సంఖ్య 7

కాకినాడ,
10 జనవరి 2025

చిరంజీవి ఫెబికి,

మీ అత్తయ్య బతికే ఉంది, పెన్నులో ఇంకూ ఉంది, కాబట్టి ఉత్తరం వస్తోంది. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. ఎలా చెప్పనే? నీ ఫోన్ రాగానే కింద వాటాలో మీ అమ్మ స్పీకర్ పెడుతుంది. మనం మాట్లాడుకునే ప్రతి మాటా వీధి చివర ఇస్త్రీ బండి దాకా వినిపిస్తుంది. పైగా నా పుస్తకం కాగితాలు నీకు పంపాలంటే ఎలాగూ కవరు కావాలి.

ముందు అపూర్వ సంగతి. నీ కూతురికి బడిలో "బ్రిటిష్ వృక్షశాస్త్రజ్ఞులు, వాళ్ళ జీవితాలు, వాళ్ళ పని" అని ప్రాజెక్టు ఇచ్చారని నువ్వు చెప్పినప్పటినుంచీ నా కాళ్ళు నేల మీద లేవు. ముప్ఫై నాలుగేళ్ళు కాలేజీలో బోటనీ చెప్పాను. రిటైరయ్యాక ఆరేళ్ళుగా సరిగ్గా ఆ మనుషుల గురించే పుస్తకం రాస్తున్నాను. నువ్వు దోహాలో కూర్చుని నా కోడిగీతలు టైపు చేస్తున్నావు. ఆ బడివాళ్ళు నన్నడిగి పెట్టినట్టే ఉంది.

పిల్ల చేత ఇంటర్నెట్ బొమ్మలు దింపి అట్టకి అంటించే పని చేయించకు. మీ తమ్ముడు ఆండ్రూ సెలవైపోయి రేపు దోహాకి తిరిగి బయల్దేరుతున్నాడు కదా, వాడి చేత ఈ కవరూ, బిస్కెట్ డబ్బా ఒకటీ పంపుతున్నాను. మూతకి చుట్టూ టేపు వేశాను. వాడు కూడా చూడలేదు, చూస్తే టీ పొట్లం దారిలోనే కాచుకు తాగేస్తాడు. లోపల పదకొండు పొట్లాలున్నాయి. సోమిద బెరడు ఉన్న పొట్లం ముందు విప్పు. మనకి కూతవేటు దూరంలో సామర్లకోటలో కంపెనీ డాక్టరు రాక్స్‌బర్గ్ తోట వేశాడు, రెండు వందల నలభై ఏళ్ళ కిందట. మన మొక్కల్ని మన పేర్లడిగి మరీ రాసుకున్నాడు. సోమిద అన్న మన మాట ఇవాళ్టికీ ఆ చెట్టు లాటిన్ పేరులో కూర్చుని ఉంది. అది అపూర్వకి చెప్పు. ఆ మొక్కల బొమ్మలు గీసింది కూడా మనవాళ్ళే. బొమ్మలు లండన్‌లో క్యూ తోటలో భద్రంగా ఉన్నాయి. గీసినవాళ్ళ పేర్లు మాత్రం ఆరేళ్ళు వెతికినా నాకు ఒక్కటీ దొరకలేదు.

నాకు అక్కడే మంట. నీకు తెలుసుగా, కోరంగి మడ అడవుల్లో మోకాలి లోతు బురదలో దిగి నేను తెచ్చిన మొక్కలు మా కాలేజీ బీరువాలో ఇప్పటికీ ఉన్నాయి. వాటి చీటీల మీద "సేకరించినవారు" అన్నచోట మా హెడ్డు గారి పేరు ఉంటుంది. ఆయన బూటుకి ఏనాడూ మట్టి అంటలేదు. అందుకే నా చేతికి ఏ మొక్క వచ్చినా, తెచ్చిందెవరో, వాళ్ళు తెచ్చినవాటిలో ఇది ఎన్నోదో రాయకుండా పొట్లం కట్టను. ఆరు పొట్లాల మీద నా పాత స్టూడెంట్ల పేర్లున్నాయి, నాలుగింటి మీద మా పనిమనిషి సీతాలక్ష్మి పేరుంది. చూపిస్తే సిగ్గుతో చచ్చిపోయింది. ఒక పొట్లం ఆండ్రూది, గసగసాలు. మొన్న ఆదివారం కోడికూరకని వాడే కొట్టునుంచి తెచ్చాడు, అందులోంచి చారెడు తీశాను. ఈ తోటలన్నిటికీ ఖర్చు పెట్టిన కంపెనీయే నల్లమందు కూడా అమ్మిందని పిల్లకి తెలియాలి కదా, అన్నీ పూలూ సీతాకోకచిలకలూ అంటే ఎలా? చిన్నప్పుడు ఆండ్రూ నాకు తెచ్చిచ్చినవి ఆరు. ఇది వాడి ఏడో మొక్క. చీటీ మీద అలాగే వేశాను.

ఫార్చ్యూన్ అధ్యాయం కూడా ఈ కవర్లోనే ఉంది. తల గొరిగించుకుని, వెనక జడ తగిలించుకుని, చైనావాళ్ళ బట్టలేసుకుని వాళ్ళ టీ మొక్కలు ఎత్తుకొచ్చాడు మహానుభావుడు! మన ఆండ్రూ మా ఇంటి ఫార్చ్యూన్ అనుకో. దొంగసరుకు మోసుకొస్తున్నాడు, ఎవరి కంటా పడకుండా దించుకో.

ఫిబ్రవరి ఇరవైకి నా టికెట్టు. అరవై తొమ్మిదేళ్ళొచ్చాక మొదటిసారి విమానం. ఇరవై నాలుగున బడిలో ప్రదర్శన రోజు నేను అపూర్వ పక్కన నిలబడి, వాళ్ళ టీచరు తప్పు చెబితే దిద్దుతాను.

అల్లుడిగారికి దీవెనలు చెప్పు.

నీ అత్తయ్య,
జయకుమారి

*

కాకినాడ,
24 జనవరి 2025

ఫెబీ,

దీవెనలు ఈసారి సగమే. మిగతా సగం నీ జవాబు వచ్చాక.

ఉత్తరం పంపి పధ్నాలుగు రోజులైంది. డబ్బా అందిందని ఒక్క ముక్క లేదు. ఫోన్ చేసినప్పుడు "అంతా బాగుందత్తయ్యా, ఆఫీసులో పని" అని పెట్టేస్తున్నావు. మీ అమ్మనడిగితే ఆండ్రూని కంపెనీవాళ్ళు వెంటనే ఏదో సైటుకి పంపేశారనీ, అక్కడ సిగ్నలు లేదనీ చెప్పింది. వాడు స్టోర్‌కీపరు కదా? బిర్కత్ అల్ అవామిర్‌లో గోడౌను వదిలేసి స్టోర్‌కీపరు సైటుకి దేనికి? నేను పల్లెటూరి దాన్నే గానీ మరీ అంత అమాయకురాలిని కాదు.

నాకు అర్థమైంది. పోయిన నెల నువ్వు టైపు చేసిన అధ్యాయంలో నేను నలభై తప్పులకి ఎర్ర సిరా పెట్టాను, అందుకు అలిగావు. వాడేమో డబ్బా మూత తీసి టీ పొట్లం తాగేశాడు, మొహం చూపించలేక దాక్కున్నాడు. అక్కా తమ్ముడూ కలిసి నాటకం ఆడుతున్నారు. ఆడండి.

హుకర్ అధ్యాయం కూడా టైపు చేశావో లేదో తెలీదు. సిక్కింలో ఆయన్ని నిర్బంధించిన ఘట్టం జాగ్రత్తగా చూడు, తేదీలు తారుమారు చేస్తావు.

పొట్లాల్లో ఏదైనా తడిసి పాడైతే చెప్పు. వచ్చేటప్పుడు నేనే తెస్తాను. గసగసాలు ఇంకో వంద గ్రాములు ఇప్పుడే సూట్‌కేసు అడుగున సర్ది పెట్టాను, పురుగు పట్టకుండా.

కోపంగా,
అత్తయ్య

*

ఫరీజ్ బిన్ మహమూద్, దోహా,
28 జనవరి 2025

అత్తయ్యా,

ఈ ఉత్తరం తలుపు వేసుకుని చదవండి. అమ్మకి చదివి వినిపించకండి, కింద వాటాకి తీసుకెళ్ళకండి. ముందు ఆ సూట్‌కేసులో గసగసాలు తీసి అవతల పారేయండి. ఆ తర్వాతే మిగతాది చదవండి.

ఆండ్రూ ఏ సైటులోనూ లేడు. పదకొండో తారీఖున విమానం దిగిన చోటే పట్టుకున్నారు. ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు.

ఇక్కడ గసగసాలు మత్తుమందు కిందే లెక్క అత్తయ్యా. దోహాలో ప్రతి తెలుగింట్లో ఆ సంగతి తెలుసు. మేం కూరల్లో జీడిపప్పు నూరి వేసుకుంటాం. మీరు నాతో ఒక్క మాట అనుంటే చెప్పేదాన్ని. నేనూ ఆ డబ్బాలో ఏముందని అడగలేదు. మొక్కలంటే ఆకులేగా అనుకున్నాను.

మీ పదో తేదీ ఉత్తరం నా ఇంటికి రాలేదు. పబ్లిక్ ప్రాసిక్యూషన్ ఆఫీసులో, బల్ల మీద, జిరాక్స్ కాపీగా చూశాను. పక్కనే దాని అరబిక్ అనువాదం. నా కళ్ళ ముందు ఆ కాగితం పెట్టి "ఇది మీ అత్త రాసిందేనా?" అని అడిగారు. మీ చేతిరాత చూసి అవునన్నాను. "దొంగసరుకు మోసుకొస్తున్నాడు, ఎవరి కంటా పడకుండా దించుకో." మీరు నవ్వుతూ రాసిన మాట అది. అక్కడ ఎవరూ నవ్వలేదు. అనువదించినాయనకి తెలుగు అంతంత మాత్రం. ఉన్న మాట ఉన్నట్టు రాసిపెట్టాడు. ఫార్చ్యూన్ అధ్యాయం పద్నాలుగు పేజీలూ కూడా ఫైల్లో ఉన్నాయి, సరిహద్దు దాటించడం ఎలాగో రాసుకున్న కాగితాలని.

చీటీ కూడా చూపించారు. ఇంకెవరి సంచిలోనైనా పొట్లం గసగసాలు దొరికితే వంటసరుకు సార్, తెలీదు సార్ అని కాళ్ళావేళ్ళా పడొచ్చు. మీ పొట్లం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో పపావర్ సోమ్నిఫెరమ్ అని ఉంది. కింద కాకినాడ, తేదీ. దాని కింద "సేకరించినవారు: బి. ఆండ్రూ, సంఖ్య 7." పాస్‌పోర్టులో ఉన్న పేరే. వాళ్ళు వాణ్ణి రోజుల తరబడి అడిగింది ఒకటే ప్రశ్న: ఇది ఏడోదైతే మిగతా ఆరూ ఎక్కడ? వాడేం చెప్పాడో తెలుసా? "చిన్నప్పుడే మా అత్తయ్యకి ఇచ్చేశాను" అన్నాడు.

అత్తయ్యా, నాకు ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. ముప్ఫై నాలుగేళ్ళు పిల్లలకి ఆ మొక్క గురించి పాఠం చెప్పారు. ఆ లాటిన్ పేరుకి అర్థం నిద్ర తెచ్చేది అని నాకే చెప్పారు, నేను ఇంటర్లో ఉన్నప్పుడు. అన్నీ తెలిసి ఎలా పెట్టారు? ఫార్చ్యూన్ గురించి రాసి రాసి, మీరూ ఓ సాహసం చేద్దామనుకున్నారా? అడగకూడదు గానీ పద్దెనిమిది రోజులుగా నేను ఇదే అనుకుంటున్నాను.

హుకర్ అధ్యాయం టైపు చేశాను. ఆయన్ని సిక్కింలో బంధిస్తే ఒక సామ్రాజ్యం కదిలింది, సిక్కిం నేల కొంత కోసేసుకున్నారు. మన ఆండ్రూ కోసం ఎవరు కదులుతున్నారనుకున్నారు? వాళ్ళ కంపెనీ పనుల మీద ప్రభుత్వ ఆఫీసుల చుట్టూ తిరిగే మందూబ్, మక్బూల్ గారు. హైదరాబాద్ ఆయన. చంకలో ఒక ప్లాస్టిక్ ఫైలు. "పరేషాన్ గాకమ్మా, పిలగాడు అసుంటోడు కాదని నేను జెప్తున్న గదా" అంటాడు. ఆ మాట విన్నప్పుడే ఇంత అన్నం తినగలుగుతున్నాను.

మీరు రావద్దు. టికెట్టు రద్దు చేయండి.

ఫెబి

*

కాకినాడ,
1 ఫిబ్రవరి 2025

ఫెబీ, నా తల్లీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాలుగోసారికి అర్థమైంది. సీతాలక్ష్మి వచ్చి మంచినీళ్ళు తాగించింది. ఏమైందమ్మా అంటే ఏం చెప్పను? నీ పేరు రాసినట్టే వాడి పేరూ రాశానే, వాణ్ణి జైల్లో పెట్టారే అని చెప్పనా?

గసగసాలు దొడ్లో పారబోశాను. సూట్‌కేసు మూత అలాగే తెరిచి ఉంది.

సాహసం చేద్దామనుకున్నానా అని అడిగావు. ఆ మాట నాకు తగిలింది, తగలాలి కూడా. కానీ కాదు తల్లీ. నిజం చెప్పనా? క్లాసులో పపావర్ అంటే నల్లబల్ల మీది బొమ్మ, కాయకి గాటు, పాలు, కంపెనీ, చైనా యుద్ధం. వంటింట్లో గసగసాలు అంటే డబ్బా. ఈ రెండూ ఒకటేనని నాకు ముప్ఫై నాలుగేళ్ళుగా తెలుసు, తెలిసీ ఒక్క రోజు కూడా రెండిటినీ కలిపి ఆలోచించలేదు. డబ్బాలోంచి చారెడు తీసి దాని మీద లాటిన్ పేరు రాసేటప్పుడు కూడా, అబ్బ ఎంత బాగా వచ్చిందీ చేతిరాత అనే అనుకున్నాను. ఇంత చదువూ చదివి నేను చేసిన పని ఇది. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఆ ఆరు మొక్కలు నా దగ్గర ఉన్నాయి. నా నోటుపుస్తకంలో అన్నీ ఉన్నాయి, చూపిస్తే నమ్మరా? మొదటిది తుమ్మిపువ్వు, 1999 డిసెంబరు. "ఆండ్రూ, ఎనిమిదేళ్ళు, ముళ్ళకంచెలో దూరి తెచ్చాడు, మోకాలు గీరుకుంది" అని రాసుకున్నాను. తర్వాత పల్లేరు, నేలవేము, అత్తిపత్తి, ఉత్తరేణి. ఆరోది పేరు తెలీని గడ్డి, నాకే తెలీదు. వాడు గర్వంగా "అత్తయ్యకి తెలీని మొక్క తెచ్చాను" అని వీధంతా చెప్పుకున్నాడు.

వాడు తింటున్నాడా? చలికాలం కదా, కప్పుకోవడానికి ఇచ్చారా? వాడికి ఉదయం లేవగానే తుమ్ములు.

నేను చెప్పేది విను. వాణ్ణి భయపడకుండా నిజమే చెప్పమను. కొట్టునుంచి తెచ్చింది నేనే అని చెప్పమను. అబద్ధం చెబితేనే ఇరుక్కుంటాడు, నిజం చెబితే ఎవరైనా వదిలేస్తారు. నా టికెట్టు రద్దు చేయను. ఇరవయ్యో తారీఖున దిగి తిన్నగా ఆ ఆఫీసుకే వెళ్ళి, నన్ను పట్టుకోండి, వాణ్ణి వదలండి అంటాను. ఈ వయసులో నన్నేం చేసుకుంటారు?

మీ అమ్మ ఇందాకే పైకొచ్చి, ఆండ్రూకి ఆవకాయ పంపుదామా అని అడిగింది. తలుపు చాటున నిలబడి సరే అన్నాను.

అత్తయ్య

*

ఫరీజ్ బిన్ మహమూద్, దోహా,
6 ఫిబ్రవరి 2025

అత్తయ్యా,

పోయిన ఉత్తరంలో మిమ్మల్ని అనరాని మాట అన్నాను. క్షమించమని అడిగే తీరిక కూడా లేదు, అందుకే నేరుగా విషయానికి వస్తున్నాను.

దయచేసి వాడికి నిజం చెప్పమని నూరిపోయకండి. వాడు చెప్పేది అదే, మొదటి రోజునుంచీ! మొన్న లాయరుతో పాటు నన్నూ కలవనిచ్చారు. సన్నబడ్డాడు. గడ్డం పెరిగింది. తింటున్నాడు, దుప్పటి ఉంది, అది మీకోసం చెబుతున్నా. లాయరు పక్కనుండి "ఆ చీటీతో నాకు సంబంధం లేదు అని చెప్పు చాలు" అంటే వీడు తల అడ్డంగా ఊపాడు. "లేదక్కా, అత్తయ్య తప్పు పేరు ఎప్పుడూ రాయదు. గసగసాలు తెచ్చింది నేనే" అన్నాడు. ఆ లాయరు తల పట్టుకున్నాడు. మీరు పెంచిన పిల్లాడు అత్తయ్యా, మీ చీటీని బైబిల్లా నమ్ముతున్నాడు.

మా ఆఫీసులో సబ్రీన్ అని సూడాన్ అమ్మాయి ఉంది, నా పక్క సీటు. మీ ఉత్తరం నాలుగు రోజులు కూర్చుని నా చేత మాట మాటా చెప్పించుకుని మళ్ళీ అరబిక్‌లో రాసింది. ఫార్చ్యూన్ ఎవరో, రాక్స్‌బర్గ్ ఎవరో, మీరు హెడ్డు గారి మీద ఎందుకు మండిపడతారో అన్నీ. ఎగతాళి మాట దగ్గర "మా ఖార్తూమ్‌లో మేనత్తలు కూడా ఇలాగే మాట్లాడతారు" అని నవ్వింది. ఈ నెలలో నేను విన్న మొదటి నవ్వు అది.

ఇప్పుడు మక్బూల్ గారూ లాయరూ కలిసి చెప్పేది ఇది. మూడు కావాలి. మీ నోటుపుస్తకం అసలుది. పొట్లం కట్టింది, డబ్బా మూసింది మీరే అనీ, లోపల ఏముందో ఆండ్రూకి తెలీదనీ మీ సంతకంతో కాగితం. నోటరీ చేయించి, పై స్టాంపులన్నీ వేయించాలి. మూడోది చెప్పడానికే ఇంత సేపు తిప్పాను. ఆ కాగితంలో "సేకరించినవారు" అని మీ పేరే ఉండాలట. చీటీ మీద ఆండ్రూ పేరు పొరపాటున పడిందని మీరు ఒప్పుకోవాలట.

ఇది మిమ్మల్ని అడగడం ఎంత కష్టమో నాకు తెలుసు. రాయమని నేను బలవంతపెట్టను. వాడి తొమ్మిదేళ్ళ ఉద్యోగం, ఇంకా ఎన్నేళ్ళు లోపల ఉంటాడో ఆ లెక్క, అన్నీ ఆ ఒక్క గడిలో ఉన్నాయి.

ఇంకోటి. ఆ కాగితం ఇచ్చాక మీ పేరు ఇక్కడి ఫైల్లో ఉంటుంది. మీరు ఈ దేశంలో అడుగు పెట్టడం మంచిది కాదని మక్బూల్ గారు గట్టిగా చెప్పారు. ఫిబ్రవరిలోనే కాదు. ఎప్పటికీ.

ఫెబి

*

కాకినాడ,
11 ఫిబ్రవరి 2025

ఫెబీ,

టికెట్టు రద్దయింది. సూట్‌కేసు అటక ఎక్కింది. సీతాలక్ష్మి దాని మీద పాత దుప్పటి కప్పింది, దుమ్ము పడకుండా.

ఈ కవర్లో కాగితం ఉంది. నోటరీ గారు నా పాత స్టూడెంటే, బోటనీలో తప్పినవాడు. నేను చెబుతుంటే వాడు టైపు చేశాడు. "ఆ గింజలు నా వంటింటి డబ్బాలోంచి తీసింది నేను. పొట్లం కట్టింది నేను. పేరు రాసింది నేను. డబ్బాకి టేపు వేసింది నేను. నా మేనల్లుడికి లోపల ఏముందో తెలియదు, నేను చెప్పలేదు." ఇందులో ప్రతి ముక్కా నిజం. అక్కడిదాకా తడుముకోకుండా చెప్పాను.

ఆ తర్వాత గడి వచ్చింది. సేకరించినవారు. వాడు వేళ్ళు టైపు మీద పెట్టి నా మొహం వంక చూస్తున్నాడు. "ఏమని వేయమంటారు మేడమ్?" అన్నాడు. టైపు చేయొద్దు, నేనే రాస్తాను అని కాగితం తీసుకున్నాను.

ముప్ఫై నాలుగేళ్ళు ఉద్యోగం చేసి రిటైరయ్యాక, ఆ గడిలో నా పేరు నేను రాసుకోవడం ఇదే మొదటిసారి ఫెబీ. కోరంగి బురదలో దిగినప్పుడు రాయనివ్వలేదు. ఇప్పుడు ఆండ్రూ పేరు పొరపాటున పడిందని ఒప్పుకుని, దాని బదులు నాది రాశాను. బజారుకెళ్ళి తెచ్చింది వాడు, పేరు నాది. మా హెడ్డు గారు చేసిన పని కూడా సరిగ్గా ఇదే. ఆయన్ని నలభై ఏళ్ళు తిట్టుకున్నాను, ఆ పని నా చేత్తో చేసి స్టాంపు కూడా వేయించుకున్నాను. చేశాక ఏడ్చాను. బాధతోనా, వాడు బయటికొస్తాడన్న ఆశతోనా, నాకే తెలీదు.

నోటుపుస్తకం కూడా పంపుతున్నాను. తిరిగి రాకపోయినా పరవాలేదు. తుమ్మిపువ్వు పేజీ దగ్గర ఎర్ర దారం పెట్టాను, అది తప్పకుండా చూపించు. పువ్వు ఇంకా ఉంది, రంగు పోయింది అంతే.

ఫార్చ్యూన్ అధ్యాయం వాళ్ళ దగ్గరే ఉండనీ. మళ్ళీ రాస్తాను. ఆయన జడ గురించి తెగ మురిసిపోతూ రాశాను గానీ, ఆ మొక్కలు మోసుకొచ్చిన చైనా కూలీలు పట్టుబడి ఉంటే ఏమయ్యేవాళ్ళో నాకు అప్పుడు తట్టలేదు. ఇప్పుడు రాత్రీ పగలూ అదే కనిపిస్తోంది.

మీ అమ్మకి నేనే చెప్పాను. దాచలేకపోయాను. అంతా విని లేచి, "నా కొడుకు పేరు మీద ఎవరైనా ఏదైనా రాసేముందు ఇక నన్నడగండి" అని కిందకి వెళ్ళిపోయింది. సాయంత్రం నాకు కాఫీ పంపింది, చక్కెర వేయకుండా.

అపూర్వకి చెప్పు, అమ్మమ్మకి ఒంట్లో బాలేదు, రావడం లేదని. అబద్ధం కాదులే.

అత్తయ్య

*

ఫరీజ్ బిన్ మహమూద్, దోహా,
26 ఫిబ్రవరి 2025

అత్తయ్యా,

ఆండ్రూ వచ్చేశాడు. ఫోన్‌లో విన్నారు, అమ్మ స్పీకర్లో మీరందరూ ఏడవడం మేమూ విన్నాం. అయినా కాగితం మీద రాస్తే గానీ నాకు నమ్మకం కుదరడం లేదు. పంతొమ్మిదో తేదీ మధ్యాహ్నం వదిలారు. తెలిసి చేసింది కాదని కేసు మూసేశారు. ఉద్యోగం ఉంది. ముఐథర్‌లో వాడి గదివాళ్ళు బిర్యానీ చేయించారు, వాడు రెండు ముద్దలు తిని పడుకున్నాడు.

నోటుపుస్తకం కూడా సబ్రీనే అనువదించింది, అది చదివిన అధికారి తుమ్మిపువ్వు పేజీ దగ్గర చాలాసేపు ఆగాడట. ఎనిమిదేళ్ళ పిల్లాడు, మోకాలు గీరుకుంది అన్నచోట. "ఈమె అన్నీ రాసుకుంటుందా?" అని అడిగాడట. మక్బూల్ గారు "జీ, అన్నీ" అన్నాడట. నోటుపుస్తకం మాత్రం తిరిగి ఇవ్వలేదు అత్తయ్యా. పొట్లాలూ ఇవ్వలేదు.

ఇప్పుడు మీకు కోపం తెప్పించే సంగతి. వాడు మీ మీద అలిగాడు. బయటికొచ్చి కారెక్కగానే లాయరు మీ కాగితం కాపీ చూపిస్తే, చదివి మొహం మాడ్చుకున్నాడు. "గసగసాలు నేను తెచ్చాను కదా, నా పేరెందుకు కొట్టేసింది? నాది ఏడోది" అన్నాడు. నలభై రోజులు లోపలుండి వచ్చినవాడు అనాల్సిన మాటేనా అది! నేను నవ్వాను, నవ్వుతూనే ఏడుపొచ్చింది. మీ అల్లుడు కారు పక్కన ఆపాల్సి వచ్చింది.

మొన్న ఇరవై నాలుగున ప్రదర్శన జరిగింది. పొట్లాలు లేవు కాబట్టి అపూర్వ అట్ట మీద పదకొండు గడులు గీసింది. పది గడుల్లో మేం ఇక్కడి బజార్లో దొరికినవి పెట్టాం, దొరకనివాటికి బొమ్మలు గీసింది. రాక్స్‌బర్గ్, ఫార్చ్యూన్, హుకర్, అందరూ ఉన్నారు. సీతాలక్ష్మి పేరు నాలుగు చోట్లా రాయించాను. పదకొండో గడి ఖాళీగా వదిలేద్దామన్నాను. ఆండ్రూ ఒప్పుకోలేదు. స్కేలు పెట్టి గీత కొట్టి, మీలాగే గుండ్రంగా రాయడానికి ప్రయత్నించి, చీటీ వాడే తయారుచేశాడు.

"సేకరించినవారు: బి. జయకుమారి, సంఖ్య 1. మోసినవారు: బి. ఆండ్రూ."

పైన మొక్క పేరు రాసే చోట ఏమీ రాయలేదు. మాకు ఇంకా భయమే.

వాళ్ళ టీచరు ఒక్కో గడీ చూసుకుంటూ వచ్చి అక్కడ ఆగింది. "ఇక్కడ మొక్క ఏదమ్మా? దీని పేరేంటి?" అని అడిగింది. అపూర్వ తడుముకోలేదు.

"దీనికి మొక్క పేరు చెప్పకూడదు మిస్. మనుషుల పేర్లు చెప్పొచ్చు" అంది.

చీటీ ఊడదీసి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. కొత్త నోటుపుస్తకం కొనుక్కుని మొదటి పేజీలో అంటించుకోండి.

మీ
ఫెబి